తువ్వాల కింది చెయ్యి

మా గ్రంథాలయంలో కథల పుస్తకాలు తీసుకునే కుర్రవాళ్లు పాత్రల రూపురేఖలు రాసిన పేరాలను దాటేసి సంభాషణల దగ్గరికి దూకుతున్నారు. ఎందుకని అడిగితే ఒకడు నన్నే ఎదురడిగాడు: "మనిషి ఎట్లుంటే ఏంది తాతా, ఏం జేసిండో చెప్తే చాలదా?" ఆ ప్రశ్నకు జవాబు నిలబడి ఒక్క మాటలో చెప్పేది కాదు. అలాంటి పేరా సరిగ్గా రాయకపోతే ఒక నిర్దోషి జైలు దాకా వెళ్తాడని నేను దగ్గరుండి చూశాను. ఆనాటి ఠాణాల్లో పనిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. అందుకని ఇది రాసిపెడుతున్నాను.

నిజాం పాలన రోజుల్లో, 1944లో నన్ను మేడ్చల్ ఠాణాకు ముహరిర్‌గా వేశారు. ఠాణాకు పెద్ద అమీన్, అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టర్ లాంటివాడు. ఆయన కింద జవాన్లు. రాతపని ముహరిర్‌ది, అదంతా ఉర్దూలో సాగేది. ఊళ్లవాళ్లు నన్ను మున్షీ సాబ్ అనేవారు. ఆ రాతల్లో నాకు ఇష్టమైనది హులియా, అంటే పరారీలో ఉన్న మనిషి ఆనవాళ్ల పత్రం. అందులో ఎత్తు, రంగు, ముఖం, గడ్డం, మచ్చలు అని గడులు ఉండేవి. ఫిర్యాదుదారుణ్ణి ఒక్కో గడి పేరు చెప్పి అడగడం, చెప్పింది నింపడం, నకళ్లు చుట్టుపక్కల ఠాణాలకు పంపడం, ఇదీ పద్ధతి.

నేను కాలేజీ మెట్లు ఎక్కినవాణ్ణి కాను. ఇంగ్లీషు నాకు చెప్పిన గురువు సికింద్రాబాద్‌లోని ఒక పఠన మందిరం. సెలవు దొరికిన శుక్రవారం మేడ్చల్‌లో రైలెక్కి వెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని సాయంత్రం దాకా చదివేవాణ్ణి. యుద్ధం రోజులు కాబట్టి సైనిక శిబిరాల్లో చదివి వదిలేసిన అమెరికన్ చిన్న కథల సంపుటాలు, అట్టలు ఊడినవి, అక్కడికి చేరుతుండేవి. మొదట్లో నేనూ వర్ణనలు దాటేసేవాణ్ణి, నిఘంటువు తిప్పే శ్రమ తప్పుతుందని. ఒక కథలో రేవు దగ్గర పడవ నడిపే మనిషి ఉన్నాడు. అతని ముక్కు, కళ్లు ఎలా ఉంటాయో రచయిత చెప్పలేదు. పడవ కదిలే ముందు ఎవరూ కూర్చోని ఒక బల్లను తుడుస్తాడని మాత్రం చెప్పాడు. నేను ఆ వాక్యం వదిలేశాను. తీరా ఆ బల్ల ఎవరి కోసమో తెలిసే చోటికి వచ్చేసరికి కథ నాకు అందలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివితే ఇంకొకటి కూడా కనిపించింది. ఆ కథ చెబుతున్నవాడు వడ్రంగి, కాబట్టి అతని కన్ను బల్ల మీద పడింది. చిన్న కథలో చోటు తక్కువ. అక్కడ మనిషిని ఒక్క గుర్తుతో నిలబెట్టాలి, ఆ గుర్తు చూసేవాడి బతుకులోంచి రావాలి. నాలుగైదు కథలు ఈ దృష్టితో చదివాక ఇది యాదృచ్ఛికం కాదని నమ్మకం కుదిరింది. ఠాణాలో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వేవారు.

ఆ మరుసటి ఎండాకాలం శామీర్‌పేటకు చెందిన ఎద్దుల వ్యాపారి ఖాసిం మియా ఫిర్యాదుకు వచ్చాడు. సంతలో ఒకడు అతని జోడెద్దులకు బేరం కుదుర్చుకుని, నడక చూస్తానని తోలుకుపోయి, మరి తిరిగి రాలేదు. డబ్బు మూట అని నమ్మకానికి వదిలినది విప్పితే వరిగడ్డి ఉంది. నేను సెలవులో ఉండటం వల్ల హులియా అమీన్ సాబే నింపారు: నల్లని మనిషి, మధ్యరకం ఎత్తు, గడ్డం లేదు, ముఖాన అమ్మవారి మచ్చలు.

నేను తిరిగి వచ్చేసరికి ఠాణాలో మల్లయ్య అనే బెస్తవాడు కూర్చుని ఉన్నాడు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికేవాడు. ఆనాడు సంతలో చేపలు అమ్మాడు, ముఖాన మచ్చలున్నాయి, జవాను యాదగిరి పిలిస్తే భయపడి పరుగెత్తాడు. ఇంతే సాక్ష్యం. ఖాసిం మియా చూసి, "ఇట్లనే ఉండె సాబ్" అన్నాడు. మర్నాడు చలాన్ చేసి, అంటే నేరం మోపే పత్రం రాసి, అదాలత్‌కు, అంటే కోర్టుకు పంపాలని అమీన్ సాబ్ నిర్ణయించారు. చలాన్ అయితే విచారణ ముగిసేదాకా మనిషి లోపలే. అవి చెరువులో నీరు తగ్గి బెస్తవాళ్లంతా వలలు కలిపి వేసే రోజులు. ఆ వేటకు మగమనిషి రాని ఇంటికి ఆ ఏడు చేపల్లో వాటా ఉండదు.

మల్లయ్య భార్య ఎల్లమ్మ ఠాణా వాకిట్లో నిలబడి నన్ను పట్టుకుంది.

"మున్షీ సాబ్, అమ్మవారు పోసినోడల్ల దొంగేనా? గట్లయితే మావోన్ని గుంజుకొచ్చిన గీ జవాను మొకమేంది? గీయన్నెందుకు లోపలెయ్యలే?"

యాదగిరి ముఖమంతా స్ఫోటకం మచ్చలే. నల్లనివాడు, మధ్యరకం ఎత్తు. హులియా ముందు పెట్టుకుని చూస్తే ప్రతి గడీ అతనికి సరిపోయింది. యాదగిరే ముందు నవ్వాడు. "ఔ సాబ్, నన్నే పట్టుకోవాలె ముందుగాల" అన్నాడు.

నేను ఖాసిం మియాను పక్కకు పిలిచి, ఆ మనిషి ముఖం ఎంతసేపు చూశావని అడిగాను.

"మొకం నేనేడ జూసిన సాబ్? నా నజరంత ఎడ్ల మీదనే. మచ్చలున్నయా అని అమీన్ సాబ్ అడిగె, ఉన్నట్టే అనిపిచ్చె, ఉన్నయంటి."

గడి అడిగింది, జవాబు వచ్చింది. అప్పుడు నాకు వడ్రంగి, బల్ల గుర్తొచ్చాయి. ఎద్దుల వ్యాపారి ఎదుటి మనిషిలో దేన్ని గమనిస్తాడు? ఆ రోజుల్లో ఎద్దుల బేరం నోటితో చేసేవారు కాదు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, లోపల వేళ్లు పట్టి ధర తెలియజేసుకునేవారు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకూడదని ఆ ఏర్పాటు. అంటే ఖాసిం మియా ఆ దొంగ చెయ్యి చాలాసేపు పట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యి ఎట్లుందని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"అది అడగద్దు సాబ్. తువ్వాల కిందిది బయటేస్తే మా దందాల ఇజ్జత్ పోతది. రేపు నా తోని ఎవడు బేరం జేస్తడు?"

"ధర నాకొద్దు మియా. చెయ్యి సంగతి చెప్పు చాలు."

అప్పుడు చెప్పాడు. "మెత్తటి చెయ్యి. కుడి చెయ్యి చిటికెనేలు ముడవదు, కట్టె లెక్క నిలవడ్డది. దాంతోనే లెక్క తప్పు సమజై రెండుమార్లు మొదటికొచ్చినం. పరేషాన్ జేసిండు."

ఈ సంగతి అమీన్ సాబ్‌కు విన్నవించాను. హులియాలో చేతికి గడి ఎక్కడుందని ఆయన మొదట విసుక్కున్నారు. అమెరికన్ కథల ప్రస్తావన నేను తేలేదు. చలాన్ అయ్యాక ఫిర్యాదుదారు అదాలత్‌లో మాట మారిస్తే ఠాణాకే మాట వస్తుందని మాత్రం అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ఠాణా వసారాలో ఖాసిం మియాను, మల్లయ్యను ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతుల మీద యాదగిరి తువ్వాల కప్పాం. మల్లయ్యకు ఏం జరుగుతోందో తెలియదు. "ఎడ్లు కొనేటోన్ని గాను సారూ" అని మళ్లీ మళ్లీ అంటున్నాడు. ఖాసిం మియా కళ్లు మూసుకుని వేళ్లు పట్టాడు, వెంటనే వదిలేశాడు.

"ఈ చెయ్యి గాదు సాబ్. ఇది తాళ్లు గుంజిన చెయ్యి, రాయి తీరుగున్నది. ఏళ్లన్ని ముడుస్తున్నయి." తర్వాత తువ్వాల కిందే మల్లయ్య చెయ్యి మళ్లీ అందుకుని, "మాఫ్ జెయ్ తమ్మీ" అన్నాడు.

ఊరి పెద్దలు పూచీపడగా మల్లయ్యను జమానత్ మీద వదిలారు. వలలు వేసే రోజుకు అతను చెరువులో ఉన్నాడు. నేను పాత హులియా కొట్టేసి కొత్తది రాశాను. గడులు అయిపోయిన చోట, అడుగున ఇలా చేర్చాను: "ఎద్దుల బేరానికి వస్తాడు. తువ్వాల కింద కుడి చిటికెన వేలు ముడవడు. ముఖం చూసి పట్టవద్దు." నకళ్లు ఠాణాలకే కాక సంతల్లోని ఎద్దుల వ్యాపారులకు కూడా చదివి వినిపించమని అమీన్ సాబ్ ఉత్తర్వు ఇచ్చారు. వానలు పడకముందే జీడిమెట్ల వైపు ఒక బేరంలో వ్యాపారి ఒకడు పట్టిన చెయ్యి వదలకుండా కేకలు వేసి మనుషుల్ని పిలిచాడు. మనిషి దొరికాడు. ఎద్దుల్లో ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. ఆ దొంగ చామనఛాయ మనిషి. ముఖాన రెండు గాట్లు తప్ప అమ్మవారి మచ్చ ఒక్కటి లేదు.

ఉద్యోగం ముగిసేదాకా హులియాలు రాశాను. ఫిర్యాదుదారుణ్ణి ముందు అతని పని ఏమిటో, ఆ మనిషితో అతనికి ఏం పనిపడిందో అడిగి, గడుల జోలికి తర్వాత వెళ్లేవాణ్ణి. కథల్లోని వర్ణన కూడా ఇదే పని చేస్తుంది. అది అందరికీ సరిపోతే ఎవరినీ చూపించదు. ఆ మనిషితో ఎవరికి పనిపడిందో వాళ్లకు తెలిసిన ఒక్క గుర్తు ఉంటే చాలు, జనంలోంచి ఆ మనిషిని విడదీస్తుంది. గ్రంథాలయంలో నన్ను అడిగిన అబ్బాయికి నా జవాబు ఇదే.

ఈ సంగతిలో నాకు సహాయపడినవాళ్ల పేర్లు చెప్పాలి. అట్టలు ఊడిన సంపుటాలను పారేయకుండా నా కోసం దాచిన పఠన మందిరం గుమాస్తా జోసెఫ్ గారికి, వృత్తి మర్యాద దాటకుండానే నిజం చెప్పిన ఖాసిం మియాకు, చెయ్యి చాచిన మల్లయ్యకు, గడి లేకపోయినా వినిపించుకున్న అమీన్ రహమతుల్లా సాబ్‌కు, వణికే నా చేతిరాతను సాఫు చేసిన దేవరయాంజాల్ ఉపాధ్యాయిని సుగుణమ్మకు కృతజ్ఞతలు. అందరికంటే ముందు అడగవలసిన ప్రశ్న అడిగిన ఎల్లమ్మకు. చివరగా జవాను యాదగిరికి. ఆ మొదటి హులియా ప్రకారం ఆ రోజు మేడ్చల్ ఠాణాలో అసలైన దొంగ అతనే. అయినా నవ్వి, తన తువ్వాల ఇచ్చాడు.