అత్తమ్మకు చెప్పిన బంద్

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఇంట్లో అదిప్పుడు నిజమైపోయింది. అందుకే బరువు ఇంకా పెరిగింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ కోసం సమ్మెలు జోరుగా సాగుతున్న రోజులవి. మా ఆయన బడి పంతులు. ఎప్పుడు చూసినా మా ఊరు మానుకోటలో రోడ్డు మీద వంటావార్పు నిరసనల్లోనే ఉండేవాడు. జనగామ దవాఖానలో అత్తమ్మకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. దగ్గర నేనొక్కదాన్నే. ఇక ఇంటికి తీసుకెళ్లొచ్చన్నాడు డాక్టరు. అన్నీ మంచం మీదే చూడాలి, వీపుకు పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతుండాలి అని నర్సమ్మ చెప్పింది.

పక్క మంచం వాళ్ల చుట్టం ఆ పొద్దున్నే మానుకోట నుంచి వచ్చింది. బంద్ ఉన్నా రోగులున్న బండ్లను ఎవరూ ఆపడం లేదని నాతోనే అంది. అయినా అత్తమ్మ దగ్గర ఆడబిడ్డ ఇంటి మాటే ఎత్తాను.

"మనింటికే తోల్కపో బిడ్డా. అల్లునింట్ల పానం పోవద్దు," అంది అత్తమ్మ.

"బంద్ నడుస్తున్నది అత్తమ్మా. తొర్రూరు దాటినంక మానుకోట దిక్కు బండ్లను పోనిస్తలేరు. దంతాలపల్లిల నీ బిడ్డ దగ్గర నాల్గు దినాలుండు. బంద్ ఒడ్సినంక నేనే వచ్చి తోల్కపోత."

"బంద్ అయితె నువ్వేం జేస్తవ్ తియ్."

తిట్టినా బాగుండేది.

ఎందుకలా అన్నాను? చాకిరీకి భయపడ్డానా? భయమే అనుకుంటాను. కానీ ఆమెను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే వెక్కి వెక్కి ఏడ్చింది నేనే, అంత ప్రేమ ఉన్నదాన్ని ఆమె పక్కబట్టలు మార్చడానికి ఎందుకు వెనకాడానో ఎంత తవ్వుకున్నా అంతుచిక్కదు. నాలుగు రోజులాగి నిజంగానే తెద్దామనుకున్నానా? లేక అదీ నాకు నేను చెప్పుకున్నదేనా?

వారం తిరక్కుండానే అత్తమ్మ అల్లుడింట్లో పోయింది. దారి తెరిచిన్రా అని చివరిదాకా అడిగిందట.

మా ఆయనకూ తొర్రూరు దగ్గర బంద్ అన్న మాటే చెప్పాను. ఆయన ఉద్యమాన్ని తిట్టలేకపోయాడు. నన్ను అనుమానించనూ లేదు. తెలంగాణ వచ్చాక ఏటా రాష్ట్ర అవతరణ పండుగ నాడు బడిలో పిల్లలకు చెబుతాడు, "తెలంగాణ కోసం నన్ను గన్న మా అవ్వ ఆఖరికి సొంత గడప గూడ తొక్కలే" అని. కళ్లు తుడుచుకుంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. పక్కన కూర్చుని నేనూ కొడతాను.

ఆయన దగ్గరున్న ఆ ఒక్క ఓదార్పునూ లాగేసుకోనా? చెప్పకపోతే అత్తమ్మను మళ్లీ మోసం చేసినట్లా? నాకు తెలియడం లేదు. ఇంతవరకూ రాశాక మాత్రం కొంచెం ఊపిరాడుతోంది. ఆ రోజు అత్తమ్మ దారిని ఎవరూ ఆపలేదు. ఆపింది నేను.