మేకుకున్న పలుపు

మా ఇళ్లలో ఆవును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి. పాత పలుపు గోడ మేకుకే ఉండాలి, లేకపోతే కొట్టం మళ్లీ నిండదంటారు.

నాలుగుసార్లు సూది వేయించినా మా ఆవు చూడి కట్టలేదు. "గర్భసంచి చెడిపొయ్యిందిమ్మా, అమ్మేద్దాం" అన్నది నేనే. కబేళాకు కొనే బేరగాడు తోలుకుపోయాడు. అమ్మ పలుపు విప్పి మేకుకు తగిలించింది.

నా ఉద్యోగం కోయంబత్తూరులో, ఒక పశువుల ల్యాబులో. కబేళా నుంచి రోజూ ఐసు పెట్టెలో ఆవుల గర్భసంచులు వస్తాయి. వాటి లోపలి పొర గీకి, అందులోని మూలకణాలను గాజు పళ్లేల్లో పెంచుతాం. చెడిపోయిన గర్భసంచిని ఎప్పటికైనా వీటితో బాగుచేయవచ్చని ఆశ. మా ఆవును అమ్మిన వారం వచ్చినవాటిలో దానిది ఉందో లేదో నాకు తెలియదు. పెట్టె మీద నంబరే ఉంటుంది.

ఒక సాయంత్రం అమ్మ నా పనేమిటని అడిగితే అంతా చెప్పేశాను.

"అట్లయితే మన ఆవుకూ చేసుండొచ్చు గదా కణ్ణూ?"

"ఇంకా రీసెర్చిలోనే ఉండాదిమ్మా. శానా ఏండ్లు పడతాది."

"పావం... ఆవు చచ్చినాంక కూడా అది పెరగతాదా?"

"పెరగతాది."

"అంటే ప్రాణం ఉండాది గదా?"

నాకు విసుగొచ్చింది. "ఉండాదిమ్మా, ఉండాది! ఇంక వదిలెయ్" అని అరిచాను.

మర్నాడు ల్యాబులో అమ్మ సర్దిచ్చిన అన్నం సంచి తెరిచాను. క్యారియర్ కింద, చుట్ట చుట్టిన పలుపు ఉంది.