బాపు పండుకున్నడు

మొన్న కొత్తగా చేరిన సైన్సు టీచరు నన్ను పక్కకు పిలిచి, బెత్తం లేకుండా మీ ఐదో తరగతి అంత నిశ్శబ్దంగా ఎలా ఉంటుందని అడిగింది. జవాబు ఇప్పుడిక్కడ రాస్తున్నాను. ఎదుటివాళ్లకు చెప్పాల్సినవి ఇంటికొచ్చి డైరీలో రాసుకోవడం నాకు పాత అలవాటు.

గోదావరిఖనిలో మాది రెండు గదుల క్వార్టరు. నైట్ షిఫ్టు పడ్డ వారం బాపు పొద్దున బొగ్గుబాయి నుంచి వచ్చి, స్నానం చేసి, ఇంత తిని పడుకునేవాడు. ఆ వారమంతా ఇల్లు గుసగుసల మీదే నడిచేది. కుక్కరు కూత పెట్టబోతుంటే అమ్మ ఉరికి వెళ్లి మంట తగ్గించేది. కూరగాయలమ్మే అవ్వ కూడా మా వరుసలోకి రాగానే అరుపు మాని, గేటు దగ్గర గాజుల చప్పుడు చేసేది. ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు పగటి నిద్రలో ఉండేవారు మరి.

అలాంటి ఇంట్లో పెరిగిన నా గొంతు బడిలో మొదటి బెంచీ దాటేది కాదు. "నోట్లె బొగ్గుపెళ్ల పెట్టుకున్నవా బిడ్డా?" అనేవారు లెక్కల సారు. అందరూ నవ్వేవారు. అయినా ఆయన నన్ను కూర్చోమనేవారు కాదు. తానే నా బెంచీ దాకా వచ్చి, చెవి వంచి విని, "కరెక్టు" అని క్లాసంతటికీ వినబడేలా చెప్పేవారు. టీచరు కావాలన్న కోరిక నాకు ఆ నడక చూసే పుట్టింది.

బీఎడ్ అయ్యాక మా క్వార్టర్ల దగ్గరే ఓ ప్రైవేటు బడిలో, పాఠం చెప్పడం చూసి తీసుకుంటామన్నారు. మొదటి రోజు పిల్లలు చేసిన గోలలో నా మాట నాకే వినబడలేదు. "ఎన్క బెంచీకి ఇనవడకుంటే కష్టం బిడ్డా. రేపొక్కరోజు చూస్త," అంది హెడ్మాస్టరమ్మ. ఇంట్లో అరవడం సాధన చేద్దామన్నా వీల్లేదు. ఆ వారం బాపుది నైట్ షిఫ్టే.

మర్నాడూ అదే సంత. గట్టిగా అరవబోతే గొంతు కీచుమంది. పిల్లలు ఇంకా నవ్వారు. నౌకరి పోయినట్టేననుకుంటుండగా చేతిలోని డస్టరు జారి టక్కున కింద పడింది. ఆ చప్పుడుకు, ఆలోచించకుండానే, ఇంట్లో లాగే పెదవుల మీద వేలు పెట్టి, "ష్... బాపు పండుకున్నడు," అన్నాను.

క్లాసులో గోల ఆగిపోయింది. కాళ్లన్నీ బెంచీల కిందికి ముడుచుకున్నాయి. వెనక నుంచి ఒక పిల్ల మెల్లగా అడిగింది: "మీ బాపుది గూడ నైట్ షిఫ్టేనా టీచర్?"

అవునన్నాను. ఆ మాట చివరి బెంచీ దాకా వెళ్లింది. అదే గొంతుతో పాఠం మొదలుపెట్టాను. తలుపు దగ్గర నిలబడ్డ హెడ్మాస్టరమ్మ చెప్పుల చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

పోయినేడు బాపు రిటైరయ్యాడు. పగలంతా టీవీ గట్టిగా పెట్టుకుని చూస్తాడు. అమ్మ మాత్రం కుక్కరు దగ్గరికి ఇంకా ఉరుకుతూనే ఉంది. బాపు డ్యూటీ దిగి ఏడాదవుతున్నా, ఆయన నిద్ర కోసం మేం నేర్చుకున్న మెల్లని మాట ఇంకా డ్యూటీలోనే ఉంది.