సలీం గారి ఎర్ర గాజు

1997లో మచిలీపట్నం కోనేరు సెంటర్ దగ్గర నాకు మెషిన్ ఆయిల్స్ దుకాణం ఉండేది. ఇనుము కోసేవాళ్లకు ఏ నూనె ఇవ్వాలో నాకు బాగా తెలుసు. గాజు సంగతి మాత్రం అప్పటిదాకా తెలియదు.

ఒక మధ్యాహ్నం గుడివాడ నుంచి సలీం గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. చర్చి కిటికీలకు స్టెయిన్డ్ గ్లాస్ చేస్తారు. అంటే రంగు గాజును ముక్కలుగా కోసి, అంచులు గ్రైండర్ మీద అరగదీసి, రాగి రేకు చుట్టి, టంకంతో అతకడం.

"గ్రైండర్ మీద పెడితే గాజు పగిలిపోతోందండీ. వేడెక్కకుండా మంచి నూనె ఏదన్నా ఇవ్వండి," అన్నారు. మాట పూర్తయ్యేలోపే దగ్గు తెర వచ్చి కౌంటర్ పట్టుకుని నిలబడిపోయారు.

గాలివానకు అవనిగడ్డ వైపు ఒక ఊరి చర్చి కిటికీ దెబ్బతిందట. దాన్ని బాగుచేయడానికి కావలసిన ఎర్ర గాజులో ఆయన దగ్గర ఒక్క పలకే మిగిలింది. ఆ రంగు మళ్లీ దొరకదు. లేత్ మీద ఇనుము వేడెక్కకుండా వాడే కూలెంట్ నూనె డబ్బా నా వెనకే ఉంది కానీ, గాజుకి పడుతుందో లేదో తెలియక ఇవ్వబుద్ధి కాలేదు. "ముందు మీ పని చూస్తానండీ," అన్నాను.

ఆదివారం గుడివాడలో ఆయన పని చేసుకునే ఇంటికి వెళ్లాను. గ్రైండర్ తొట్టిలో చుక్క నీరు లేదు. నేల మీదా, ఆయన కనుబొమల మీదా తెల్లటి గాజు పొడి.

"నీళ్లు పోయరా?"

"పోస్తే గాజు మీద ముక్క ఆకారానికి గీసుకున్న గీత చెరిగిపోతుందండీ. గీత లేకపోతే ముక్క పక్కదానితో కుదరదు."

ఆయన భార్య ఫాతిమా గారు టీ ఇస్తూ, "పడుకుంటే దగ్గు ఆగదు, కూర్చునే నిద్రపోతారు అన్నయ్యగారూ," అన్నారు.

ఎస్టీడీ బూత్ నుంచి మద్రాసులో ఆ గ్రైండర్ అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. లేత్ కూలెంట్ వద్దన్నారు. ఆ జిడ్డుకి రాగి రేకు అంటుకోదట. కోసే కట్టర్‌కి పల్చటి నూనె, గ్రైండర్‌కి నీళ్లలో కొద్దిగా గాజు కూలెంట్ కలిపితే చాలట. "నీళ్లు గాజును చల్లబరచడమే కాదండీ, పొడిని గాల్లోకి లేవనివ్వవు. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి," అన్నాడు అవతలి మనిషి.

ఆ మాట దంపతులిద్దరికీ చెబితే, సలీం గారు మళ్లీ గీత సంగతే ఎత్తారు. ఫాతిమా గారే, "గీత మీద వ్యాజిలైన్ రాసి చూద్దామా? తర్వాత సబ్బుతో కడిగేయొచ్చు," అన్నారు.

మద్రాసు నుంచి గాజు కూలెంట్ వచ్చాక ఆఖరి ఎర్ర పలక కోశారు. తడి గ్రైండర్ మీద గీత నిలిచింది. సలీం గారు ముక్కను తుడిచి వెలుతురుకి పట్టుకున్నారు. ఎక్కడా బీట లేదు.

కిటికీ చర్చికెక్కింది. ఆయన దగ్గు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పాడైన ఊపిరితిత్తి బాగుపడదని డాక్టరు చెప్పేశారు. ఆ తర్వాత గ్రైండర్ పని ఫాతిమా గారు నేర్చుకున్నారు. నీళ్లు పోసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని మరీ కూర్చునేవారు. సలీం గారు పక్కన కుర్చీలో ఉండి రంగులు ఎంచేవారు.

ఇప్పటికీ ఎవరైనా వచ్చి మెషిన్ వేడెక్కుతోందంటే, దాని ముందు కూర్చునే మనిషి ఎలా ఉన్నాడని అడిగాకే డబ్బా తీస్తాను.