రెండు కప్పుల కొలత

వీధి వీధంతా ఆయన్ని కెప్టెన్ అనే పిలిచేది. నిజం చెప్పొద్దూ, నేవీలో ఇరవై రెండేళ్లు ఆయన పట్టింది చుక్కాని కాదు, గరిటె. ఓడలో వంటవాడు. ఆ మాట ఆయనే నలుగురిలో చెప్పి, "కెప్టెన్ లేకపోయినా ఓడ నడుస్తుందేమో గానీ, నేను లేకపోతే ఒక్కడూ లేచి నిలబడడు" అని పగలబడి నవ్వేవాడు.

రిటైరై ఇంటికొచ్చాడే గానీ, చేతికి అలవాటైన కొలత మారలేదు. టీ పెట్టాడంటే పెద్ద కెటిల్ నిండాల్సిందే. ఇంట్లో ఉన్నది ముగ్గురు. మిగతాది ఎవరు తాగుతారు? గేటు దగ్గర నిలబడి పోస్ట్‌మ్యాన్‌నీ, ఎదురింటి దర్జీనీ, దారిన పోయే దానయ్యనీ కేకేసి లోపలికి లాక్కొచ్చేవాడు. "ఇది ఇల్లా, సత్రమా?" అని భార్య సణిగేది. సణుగుతూనే కప్పులు కడిగేది.

కూతురంటే మరీ ప్రాణం. ఆమె చిన్నప్పుడు, సెలవుకి వచ్చినన్నాళ్లూ జడ ఆయనే వేసేవాడు, చివర ఓడ తాళ్లకి వేసే ముడి వేసి. సాయంత్రం దాన్ని విప్పలేక తల్లీకూతుళ్లు నానా తిప్పలూ పడేవాళ్లు. ఆ కూతురే పెద్దదై ఆసుపత్రిలో నర్సయింది.

ఆయనకి గుండెపోటు వచ్చి, గండం గడిచి ఇంటికి తెచ్చినప్పుడు డాక్టరు కూతురితో ఒకే మాటన్నాడు: నెల రోజులు పూర్తి విశ్రాంతి, జనం వద్దు. కెప్టెన్‌కి ఆ మాట చెబితే వింటాడా? అందుకని కూతురు ఆయనకి తెలియకుండా, అమ్మకీ చెప్పకుండా, ఇంటింటికీ వెళ్లింది. "నేను మళ్లీ చెప్పేదాకా ఎవరూ రావద్దు, పలకరించొద్దు. నేను వద్దన్నానని తెలిస్తే నాన్న ఊరుకోడు. ఎవరికీ చెప్పబోమని ఒట్టేయండి" అంది. పాపం, అందరూ వేశారు.

నెల గడిచింది. ఆమె రమ్మని చెప్పలేదు. బీపీ బాగుంది కదా, ఇంకొన్నాళ్లు పోనీ అనుకుంది. అవన్నీ పైపై మాటలు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఇల్లు చడీచప్పుడూ లేకుండా ఉండేది, హాల్లో కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఆ హాయి మరిగింది. మొదటి నెల నాన్న కోసం, తర్వాత ఐదు నెలలూ తన కోసం. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలుసు.

ఆయన మాత్రం కెటిల్ నిండా టీ పెట్టి గేటు దగ్గర నిలబడేవాడు. కేకేస్తే దర్జీ తల వంచుకుని మిషన్ తొక్కేవాడు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం పడేసి సైకిల్ ఎక్కేసేవాడు.

"అమ్మలూ, ఒక్కడూ రావట్లేదేంటే?"

"ఎవరి పనులు వాళ్లవి నాన్నా. ఎవరికి తీరికుంది?"

చల్లారిన టీ మొక్కల్లో పోసేవాడు. ఒకరోజు చూస్తే కెటిల్ అటకెక్కింది. చిన్న గిన్నెలో తనకీ భార్యకీ రెండే రెండు కప్పులు పెడుతున్నాడు. "హమ్మయ్య, ఇన్నాళ్లకి నాన్నకి కొలత వచ్చింది!" అని ఆమె నవ్వింది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తన నోరు తనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

ఆరో నెల చివర్లో ఒక ఉదయం ఆయన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

వాకిలి పట్టనంత జనం వచ్చారు. భార్య గుమ్మంలో నిలబడి అందర్నీ దులిపేసింది. "బతికుండగా గడప తొక్కినవాడు లేడు! ఆయన టీ తాగిన నోళ్లేనా మీవి? ఇప్పుడెవర్ని చూద్దామని వచ్చారు?"

దర్జీ నేలచూపులు చూశాడు. వేసిన ఒట్టు అందరూ ఇంకా మోస్తూనే ఉన్నారు, కూతుర్ని కాపాడుతూనే ఉన్నారు. ఆమె అక్కడ నిలబడలేక వంటింట్లోకి తప్పుకుంది.

వెనకే సెలూన్ బాబాయ్ వచ్చాడు. ఇంటికొచ్చి కెప్టెన్‌కి జుట్టు కత్తిరించేవాడు గనక, అతనొక్కడినే ఆమె రానిచ్చింది.

"నీకు చెప్పకుండా ఉండలేనమ్మా" అన్నాడు. "పోయిన నెల గడ్డం గీస్తుంటే మీ నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. 'నా నోరు మంచిది కాదురా, సరదాకి ఏదో ఒకటి అంటాను. ఎవర్నో నొప్పించే ఉంటాను. ఇంటింటికీ వెళ్లి, తప్పయిపోయిందన్నాడని చెప్పు' అన్నాడు. ఒట్టేశాను గనక నిజం చెప్పలేకపోయాను తల్లీ. వెళ్లి చెప్పొచ్చాను."

తను ఏ గుమ్మాల్లో నిలబడి రావద్దని చెప్పిందో, ఆ గుమ్మాలకే నాన్న క్షమాపణ పంపుకున్నాడు. బయట అమ్మ ఇంకా తిడుతూనే ఉంది. ఊరుకుంటే ఆ తిట్లు అంతటితో పోతాయి, అమ్మకి ఎప్పటికీ తెలియదు.

ఆమె వాకిట్లోకి వచ్చింది. "వీళ్లనేం అనకమ్మా. రావద్దని ఒట్టు వేయించుకున్నది నేను. డాక్టరు చెప్పింది నెల రోజులే. నేను ఆరు నెలలు తలుపేశాను."

తల్లి తిట్టడం ఆపేసింది. చెంప మీద ఒక్కటి కొట్టినా బాగుండేది అనిపించింది ఆమెకి.

"నాకు చెప్పావు, సరే" అంది తల్లి. "రోజూ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవర్నేమన్నానే, ఎవర్నేమన్నానే అని తవ్వుకునేవాడు. మరి ఆయనకెవరు చెప్తారే?"