సేనాపతి కత్తి, గంగయ్య బొటనవేలు

రేపల్లె గంగయ్య పడవలు చెక్కే ఇంట్లో పుట్టాడు. చేసిన పడవలన్నీ సముద్రంలోకి వెళ్లాయి గాని, పేరు మాత్రం నాటకాల వల్ల వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట తెనాలి నుంచి ఆడటానికి వచ్చినవాళ్ల కత్తి సరిగ్గా తెర లేచే వేళకు విరిగింది. గంగయ్య ఒక పాత తెడ్డు తెచ్చి, అప్పటికప్పుడు చెక్కి, వెండి కాగితం చుట్టి ఇచ్చాడు. తెడ్డు చేతిలో ఎలా తూగాలో తెలిసినవాడు కాబట్టి కత్తీ అలాగే తూగింది. అప్పట్నుంచి ఆ చుట్టుపక్కల ఏ రాజు యుద్ధానికి వెళ్లినా గంగయ్య కత్తితోనే వెళ్లాడు. నాటకానికి ముందు మైకులో "ఆయుధాలు, రేపల్లె గంగయ్య" అని చదివేవారు. ఆ మూడు మాటల కోసం అతను ఎవరేమన్నా పడేవాడు. అంత పిచ్చి.

బసవేశ్వరరావుకి నందివెలుగులో రైసు మిల్లు, తెనాలిలో నాటక సమాజం ఉన్నాయి. సమాజం ఆయనదే కాబట్టి వాళ్లు ఏటా ఆడే నాటకంలో రోము సేనాపతి వేషమూ ఆయనదే. ఈ ఏడాది పోటీలకు ముందు ఆయన ఫోనులో అసలు రోము కత్తుల బొమ్మలు చూశాడు. అవి మూరన్నర మించి లేవు. గంగయ్య చేసిచ్చింది నేల మీద నిలబెడితే నడుము దాటుతుంది. ఒక పడవలవాడు ఇన్నేళ్లూ తనను వెర్రివాణ్ణి చేశాడని ఆయనకు ఒళ్లు మండింది. అచ్చం అసలువాటిలా చేసిన ఇనప కత్తులు మూడు తెప్పించి, సాన పట్టించి, గంగయ్యకు కబురు పెట్టాడు. ఉన్న కత్తులన్నీ పట్టుకు రమ్మన్నాడు.

కత్తి ఎంచడానికి తన సలహా అడుగుతున్నారని గంగయ్య పొంగిపోయాడు. తొమ్మిది కత్తులు దుప్పట్లో చుట్టుకుని రైలెక్కాడు.

మిల్లు వరండాలో వేషగాళ్లంతా కుర్చీలేసుకుని కూర్చున్నారు.

"రోములో కత్తి ఎంతుంటుందో తెలుసా నీకు?" అన్నాడు బసవేశ్వరరావు.

"తెలియదండి. వెనక బెంచీవాళ్లకి కనపడాలని అంత చేశానండి."

"తెడ్లు చేసుకునేవాడివి, నీకెందుకు తెలుస్తుందిలే. ఈ మూడిట్లో ఏది గట్టిదో చూడాలి. నీ కత్తి అడ్డం పెట్టి పట్టుకో."

గంగయ్య పట్టుకున్నాడు. ఒక్కో ఇనప కత్తికి మూడేసి చెక్క కత్తులు. ఒకటి విరిగినప్పుడల్లా వరండా అంతా నవ్వింది. నవ్వకపోతే వచ్చే నాటకంలో వేషం ఉండదని వాళ్లకు తెలుసు. ఎనిమిది పోయాక, మొట్టమొదటి తెడ్డు కత్తి ఒక్కటీ మిగిలింది.

"ఇదొద్దండి బాబుగారూ. నా మొదటిదండి."

"అందుకే ఆఖర్న ఉంచా. పట్టుకో."

ఆ దెబ్బకు తెడ్డు చీలింది. ఇనప కత్తి అక్కడ ఆగకుండా గంగయ్య కుడి బొటనవేలి మొదట్లోకి దిగింది. బసవేశ్వరరావు తువ్వాలుతో కత్తి తుడిచి, అంచు వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక్క నొక్కూ లేదు.

"ఇదే బాగుంది," అన్నాడు.

రోము కత్తి ఎంపిక అలా జరిగింది. డాక్టరు వేలికి కుట్లు వేశాడు గాని, అది మళ్లీ వంగలేదు.

బాపట్ల పోటీకి గంగయ్య చేతికట్టుతోనే వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. మైకులో తన పేరు వస్తుందేమోనని చెవులు రిక్కించి విన్నాడు. రాలేదు. ఏడుపొచ్చింది. ఈలోగా సేనాపతి మూరన్నర కత్తి దూసి ప్రతిజ్ఞ మొదలుపెట్టాడు.

"ఏంటండీ, ఆ కత్తితో కొబ్బరికాయ కొడతారా?" అన్నారు పక్కనెవరో. బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. ప్రతిజ్ఞ ఎవరికీ వినపడలేదు.

తెనాలిలో చివరి పోటీ వారంలో ఉందనగా బసవేశ్వరరావు కారు రేపల్లెలో గంగయ్య గుమ్మం ముందు ఆగింది.

"పాతదాని లాంటిది ఒక్కటి చేసి పెట్టు, గంగయ్యా. మైకులో నీ పేరు రెండుసార్లు చదివిస్తా."

గంగయ్య దూలం ముక్క ఒకటి తెచ్చి మొద్దు మీద పెట్టాడు. ఎడం చేత్తో చెక్క చెక్కే బాడిస తీసుకున్నాడు.

"కుడిచెయ్యి పట్టు ఇవ్వట్లేదండి. మీరు పట్టుకోవాలి."

బసవేశ్వరరావు డ్రైవరు వైపు తిరిగాడు. "సుమన్, నువ్వు పట్టుకో."

"ఆయనొద్దండి. కత్తి మీది. మీరే పట్టుకోండి."

బసవేశ్వరరావు గొంతుక్కూర్చుని రెండు చేతులతో చెక్క పట్టుకున్నాడు. పోటీలో ఇచ్చే కప్పు మీద అంత ఆశ. మొదటి వేటు ఆయన వేళ్లకు జానెడు దూరంలో పడింది. రెండోది బెత్తెడు దూరంలో.

"ఎడం చెయ్యి ఇంకా కుదరలేదండి," అన్నాడు గంగయ్య, మళ్లీ బాడిస ఎత్తుతూ.

బసవేశ్వరరావు చెక్క వదిలేసి లేచాడు. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే కారెక్కాడు.

గంగయ్యకు కడుపు నిండినట్టయింది. ఆ సంతోషం కారు మలుపు తిరిగేదాకా ఉంది. తర్వాత చెక్క మీద పడ్డ రెండు వేట్లూ చూసుకున్నాడు. రెండూ వంకరే. ఎవరు పట్టుకున్నా తన చేతిలో ఇక కత్తి తయారవదని అతనికి ఆ కారు తన గుమ్మం ముందు ఆగకముందే తెలుసు.