నా భుజం, నాకు చూపని టీవీ

నా భుజం లోపల ఏముందో నన్ను చూడనివ్వలేదు. ఆపరేషను మధ్యలో టీవీని నాకు కనబడకుండా అటు తిప్పేశారు.

రెండువేల ఎనిమిది ప్రాంతం. కశింకోట షేర్ ఆటోలో పైకడ్డీ పట్టుకుని వేలాడితే, ఒక గోతి దగ్గర భుజం పటుక్కుమంది. అనకాపల్లిలో ఒక ఆసుపత్రికి అప్పుడే కొత్త మిషను వచ్చింది. భుజానికి చిల్లులు పెట్టి, సన్నటి కెమెరా దూర్చి, టీవీలో చూస్తూ తెగిన నరం కుట్టేస్తానన్నాడు డాక్టరు. నరం కాదు, స్నాయువు అని నేనే సరిదిద్దాను. చదివింది ఐదో తరగతే అయినా, పాత కాగితాల కొట్లో దొరికిన శరీరశాస్త్రం పుస్తకం అట్టతో సహా చదివినవాణ్ణి.

పూర్తి మత్తు వద్దన్నాను. మెడ పక్కన సూది వేసి చెయ్యి మాత్రం మొద్దుబారుస్తామనీ, మెలకువగా ఉండి టీవీలో అంతా చూడొచ్చనీ డాక్టరే అన్నాడు. ఆ ఒక్క మాట మీదే బల్ల ఎక్కాను.

మొదట బ్రహ్మాండంగా కనబడింది. లోపలికి పోసే ఉప్పునీళ్లలో తెల్లటి పీచులు పీతగుజ్జులా ఊగుతున్నాయి. పుస్తకంలో ఎడమనున్నది ఇక్కడ కుడికెందుకుందని అడిగాను. ఇంకాస్త గట్టిగా అడిగాను. చూస్తూండగానే టీవీ అంతా టమాటా చారైపోయింది.

"ఏటండీ, ఏటీ కనపడకుండానే కుట్టేత్తారా?" అన్నాను.

మోకాలికైతే పైన పట్టీ బిగించి రక్తం ఆపొచ్చట. భుజానికి పైన బిగించడానికి మెడే ఉందని మత్తు డాక్టరమ్మ చెప్పింది. చెబుతూ నా మెడకేసి చూసిన చూపు నాకు నచ్చలేదు.

నీళ్ల జోరు పెరిగితే రక్తం కడుక్కుపోతుందని, నీళ్ల సంచి పైకి కట్టమన్నాను. కట్టామన్నారు. ఇంకా పైకన్నాను. ఆవిడ బీపీ మిషను చూసి డాక్టరు చెవిలో ఏదో గొణిగింది. ఏదో మందు కూడా ఎక్కించింది. అయినా చారే. అప్పుడు తిప్పించాడు డాక్టరు టీవీని. నేను అలిగి కళ్లు మూసుకున్నాను. కునుకు పట్టింది కాబోలు. మెలకువ వచ్చేసరికి "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో" అని వాళ్లలో వాళ్లే మురిసిపోతున్నారు. భుజం నాది, వేడుక వాళ్లది.

కుట్లు విప్పిన రోజు, టీవీ ఎందుకు తిప్పించారని డాక్టర్ని అడిగాను. నవ్వి, మళ్లీ నెలకి రమ్మన్నాడు. మరోసారి వెళ్లి అడిగితే చెయ్యెత్తమన్నాడు. ఎత్తి, ఎత్తిన చేత్తోనే నిలదీశాను, మాట ఇచ్చి ఎందుకు తప్పారని. తోడొచ్చిన మా బావ చొక్కా పట్టి లాగుతున్నాడు: "సెయ్యి లేత్తంది కదా, రా బావా, ఎల్దాం."

డాక్టరు కలం కింద పెట్టాడు.

"తాతగారూ, మీరు చూసినంతసేపూ మీ బీపీ పెరిగింది, రక్తం ఊరింది. మీకు కనబడితే నాకు కనబడదండి."